వచ్చినవాళ్లు కొనరు, కొన్నవాళ్లు రారు

ఇళ్ల ధరలు, అద్దెలు ఎందుకు పెరిగాయని ఎవరిని అడిగినా నాలుక చివర ఒక జవాబు ఉంటుంది. బయటినుంచి జనం వచ్చిపడ్డారు, వాళ్ల దగ్గర డబ్బుంది, అడిగినంతా ఇచ్చేశారు, రేటు పెంచేశారు అని. హైదరాబాద్‌లోని గచ్చిబౌలి, కొండాపూర్ లాంటి చోట్ల ఈ మాట చాలావరకు నిజమే. సాఫ్ట్‌వేర్ జీతం ఎటు పోతే అద్దె కూడా అటే పోయింది. కానీ ఇదే జవాబు పట్టుకుని ఇందిరా పార్కు దాటి అశోక్‌నగర్‌లోకి వస్తే పనిచేయదు. ఇక్కడికి కొత్తగా వచ్చేవాడికి జీతం లేదు. ఉద్యోగం లేదు కాబట్టే, సర్కారు కొలువు పరీక్షకు చదవడానికి వచ్చాడు. నల్లగొండ నుంచో, ఆదిలాబాద్ నుంచో, మహబూబాబాద్ తండా నుంచో ఒక బ్యాగు, ఒక పరుపు, తెలుగు అకాడమీ పుస్తకాల కట్టతో దిగుతాడు. ఇంటినుంచి నెలనెలా వచ్చే డబ్బు మీద బతుకుతాడు. అయినా అతను వచ్చిన చోటల్లా అద్దె పెరిగింది.

చేతిలో డబ్బు లేనివాళ్లు వచ్చి అద్దెలు ఎలా పెంచగలిగారు? చిన్న ఊళ్లలో ఇళ్ల స్థలాల ధరలు ఎందుకు అందకుండా పోయాయో అర్థం కావాలన్నా ముందు ఇక్కడ కాసేపు ఆగాలి.

అశోక్‌నగర్ చౌరస్తా నుంచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దాకా నడిచి చూడండి. కరెంటు స్తంభాలకు, గేట్లకు, చెట్లకు ఒకటే రకం బోర్డులు. బాయ్స్ హాస్టల్, గర్ల్స్ హాస్టల్, టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్, రీడింగ్ రూమ్ ఇరవైనాలుగు గంటలు. కింద ఫోన్ నంబరు. వీటి మధ్య జిరాక్స్ షాపులు, కర్రీ పాయింట్లు, మెస్సులు, పాత మెటీరియల్ అమ్మే దుకాణాలు. లోపలికి వెళ్తే ఇంకో లోకం. ఒకప్పుడు ఒక కుటుంబం కోసం కట్టిన ఇల్లు అది. గేటు పక్కన రాతిఫలకం మీద ఫలానా నిలయం అని ఇంకా చదవచ్చు. హాలుకి అడ్డంగా ప్లైవుడ్ గోడ వేశారు. గోడకు అటు మూడు ఇనుప మంచాలు, ఇటు రెండు. మంచం కింద ట్రంకు పెట్టె, మంచం పైన భారతదేశ మ్యాప్. ఒకప్పటి పూజగదిలో రెండు మంచాలు. కిటికీ చువ్వలకు తువ్వాళ్లు. వంటగది మాత్రం వంటగదిగానే ఉంది, కాకపోతే వంట పాతికమందికి.

ఇక లెక్క. ఇవి ఏ ఒక్క హాస్టల్ లెక్కలూ కావు, లెక్క తెలియడానికి వేసుకున్న అంకెలు. రెండు పడకగదుల పోర్షన్‌కి ఒక గుమాస్తా కుటుంబం నెలకు 18 వేలు ఇవ్వగలదనుకుందాం. అంతకంటే ఇస్తే వాళ్లకు పిల్లల ఫీజులకు మిగలదు. అదే పోర్షన్‌లో పది మంచాలు వేసి, భోజనంతో కలిపి మంచానికి ఆరువేలు తీసుకుంటే 60 వేలు వస్తుంది. తిండికి 25 వేలు, వంటమనిషి, కరెంటు, నీళ్ల ట్యాంకర్లకు ఎనిమిది వేలు పోతే 27 వేలు మిగిలింది. హాస్టల్ నడిపేవాడు తన కోసం నాలుగు వేలు ఉంచుకుని ఇంటివాళ్లకు 23 వేలు ఇవ్వగలడు. గుమాస్తా కంటే అయిదు వేలు ఎక్కువ. పైగా గుమాస్తా గోడకు మేకు కొడితే గొడవ, సున్నం వేయించమంటే గొడవ. హాస్టల్ అతను అడగడు, తనే వేయించుకుంటాడు. ఇంటివాళ్లు ఎవరికి ఇస్తారు?

విడివిడిగా చూస్తే ఆ పదిమందిలో ఎవరూ గుమాస్తా కంటే ఉన్నవాళ్లు కారు. మంచం లెక్కన కలిసినప్పుడు మాత్రం అతను వాళ్లతో పోటీపడలేడు. అద్దె కొలిచే కొలమానం ఇంటి నుంచి గదికి, గది నుంచి మంచానికి దిగినకొద్దీ ఇంటి మొత్తం అద్దె పైకి పోతుంది. దోమలగూడలో, చిక్కడపల్లిలో చిన్న ఉద్యోగుల కుటుంబాలు పోర్షన్లు దొరక్క ఉప్పల్‌కో, బోడుప్పల్‌కో జరగడం వెనక ఉన్న లెక్క ఇదే.

దీనికి ఇంటి యజమానులు చెప్పే సమాధానం వేరు. ఇక్కడ స్థలం రేటు అంతుంది, తక్కువకిస్తే గిట్టదు అంటారు. వినడానికి బాగుంటుంది కానీ తిరగేసిన మాట. తాతలనాడు కొన్న స్థలానికి ఈరోజు రేటు ఎంతైతే ఏం, ఆ ఇంటికి ఖర్చయిపోయినదంతా ఎప్పుడో అయిపోయింది. 1817లో డేవిడ్ రికార్డో అనే ఇంగ్లండు ఆర్థికవేత్త పొలాల విషయంలో ఇదే చిక్కుముడి విప్పాడు. ధాన్యం ధర పెరిగితే భూస్వామి కౌలు పెంచుతాడు. కౌలు పెంచడం వల్ల ధాన్యం ధర పెరగదు అన్నది అతని వాదన సారాంశం. అశోక్‌నగర్‌కి దాన్ని అన్వయిస్తే, గజం రేటు ఎక్కువ కాబట్టి మంచం అద్దె ఎక్కువ కాదు. మంచం అంత అద్దె తెస్తోంది కాబట్టే గజానికి అంత రేటు పలుకుతోంది. కౌలు చేసిన రైతుకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. బోరు పడిన ఏడాది కౌలు ఎందుకు పెరుగుతుందో అతనికి తెలుసు.

అయితే మంచానికి గిరాకీ ఎక్కడినుంచి వస్తోంది? కోచింగ్ సెంటర్లు ఉన్నాయి కాబట్టి అని సులువుగా చెప్పేయవచ్చు. అవి దశాబ్దాలుగా ఉన్నాయి. అసలు మోటారు నోటిఫికేషన్. 2022 మార్చి 9న శాసనసభలో అప్పటి ముఖ్యమంత్రి 80,039 ఉద్యోగాలకు నోటిఫికేషన్లు ఇస్తామని ప్రకటించారు. ఆ మాట ఊళ్లకు చేరిన వేగంతోనే మంచాలు నిండాయి. చదువు ముగించి ఊళ్లో ఉన్నవాళ్లు, ప్రైవేటు బడుల్లో పంతుళ్లుగా ఉన్నవాళ్లు, పెళ్లయి ఒక బిడ్డ ఉన్నవాళ్లు కూడా వచ్చారు.

పోనీ, పరీక్ష అయిపోతే వెళ్లిపోతారు కదా, మంచాలు ఖాళీ అవుతాయి కదా? జరగవలసింది అదే, కానీ జరగడం లేదు. గ్రూప్-2 సంగతి చూడండి. 783 ఉద్యోగాలకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. పరీక్ష 2023 ఆగస్టు చివర్లో అన్నారు. నవంబరుకి మారింది. నవంబరు నుంచి 2024 జనవరికి, జనవరి నుంచి ఆగస్టుకి, ఆగస్టు నుంచి డిసెంబరుకి. చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. నోటిఫికేషన్‌కీ పరీక్షకీ మధ్య దాదాపు రెండేళ్లు. గ్రూప్-1 కథ ఇంకా పెద్దది. 2022 అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ రాసింది హైకోర్టులో రద్దయింది, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్.

మంచానికి ఆరువేల లెక్కన రెండేళ్లంటే లక్షా నలభై నాలుగు వేలు. ఒక్క వాయిదా పడినప్పుడు ఒక్కో అభ్యర్థి ఇంటిమీద పడేది సగటున దాదాపు నాలుగు నెలల మంచం అద్దె. ఆ నెలల్లో ఇంకో బ్యాచ్ డిగ్రీ పూర్తి చేసుకుని వస్తుంది. పాతవాళ్లు ఖాళీ చేయరు, కొత్తవాళ్లకు మంచం కావాలి. హాస్టల్ వాళ్లు అయిదు వందలు పెంచితే ఎవరూ పోలేరు. లైబ్రరీ దగ్గర, కోచింగ్ దగ్గర, రూమ్మేట్ల నోట్సు దగ్గర ఉండాలి కదా. వాయిదా కోరుతూ రోడ్డెక్కింది అభ్యర్థులే కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, కొందరు కోరారు. ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ మధ్య వారం రోజులు కూడా లేకుండా తేదీలు పెడితే కోరక ఏం చేస్తారు? ఆ బాధ్యత తేదీలు పెట్టినవాళ్లది.

రాజస్థాన్‌లోని కోట, ఢిల్లీలోని ముఖర్జీనగర్, ఓల్డ్ రాజేందర్‌నగర్ కూడా ఇదే వ్యాపారం మీద నడుస్తున్న చోట్లు. 2024 జులై 27న ఓల్డ్ రాజేందర్‌నగర్‌లో సెల్లార్‌లో నడుస్తున్న లైబ్రరీలోకి వాననీళ్లు వచ్చి ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. స్థలం ప్రియమైనప్పుడు మనుషుల్ని పైకే కాదు, కిందికి కూడా నెడతారు. హుస్సేన్‌సాగర్ నాలా పక్కన ఉన్న మనవాళ్లు ఈ వార్తను కాస్త ఎక్కువ శ్రద్ధగా చదవాలి. 2000 ఆగస్టు వరదలో దోమలగూడ, అశోక్‌నగర్ ఇళ్లలోకి నీళ్లు రావడం చూసినవాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారు.

ఊళ్ల నుంచి పిల్లలు వచ్చి ఈ చుట్టుపక్కల చదువుకోవడం కొత్త కాదు. మాడపాటి హనుమంతరావు పేరుతో ఉన్న బాలికల పాఠశాల నారాయణగూడలోనే ఉంది. ఆ బడి పెట్టింది తెలుగులో చదువు దొరకడమే గగనమైన నిజాం కాలంలో. అప్పుడు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఎక్కడ ఉన్నారు? నగర కొత్వాలుగా పనిచేసిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో రెడ్డి హాస్టల్ మొదలైంది. తర్వాత ఇతర కులాల పెద్దలూ తమ తమ హాస్టళ్లు పెట్టారు. కులం పేరు మీద ఉన్నాయని ఇవాళ మనం ముఖం చిట్లించవచ్చు, కులం లేనివాడికి, ఉన్నా డబ్బున్న పెద్దలు లేని కులాలవాడికి ఆ తలుపు తెరుచుకోలేదన్నదీ నిజం. కానీ ఒక సంగతి గుర్తించాలి. ఊరినుంచి వచ్చిన పిల్లవాడికి పడుకోవడానికి చోటివ్వడం వ్యాపారం కాదు, సమాజం చూసుకోవలసిన పని అన్న అవగాహన అప్పుడుంది. వంద ఏళ్లలో ఆ పని పూర్తిగా మంచం రేటుకి వదిలేశాం.

రెండో వలస 1956లో. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కి మారింది. సెక్రటేరియట్‌తో పాటు గుమాస్తాలు, అధికారులు, వాళ్ల వెనక పత్రికలవాళ్లు, ప్రచురణకర్తలు, లాయర్లు వచ్చారు. ఆఫీసులకు దగ్గరగా, తెలుగు వినబడే చోటుగా చాలామంది చిక్కడపల్లి, నారాయణగూడ, హిమాయత్‌నగర్, దోమలగూడ వైపు ఇళ్లు చూసుకున్నారు. ఆ కుటుంబాలు సాయంత్రాలు వెళ్లే త్యాగరాయ గానసభ ఈరోజుకీ చిక్కడపల్లిలోనే ఉంది. అప్పుడూ స్థానికులకు అద్దెల బాధ తగిలింది, అయినా ఉద్యోగాల విషయంలో తగిలిన బాధే ఎక్కువ వినబడింది. 1952లోనే స్థానికుల ఉద్యోగాల కోసం ముల్కీ ఆందోళన ఒకసారి నగరాన్ని కుదిపేసి ఉంది.

ఆ వలసకీ ఈ వలసకీ ఒక పెద్ద తేడా ఉంది. 1956లో వచ్చినవాళ్లు నెలజీతం ఉన్నవాళ్లు. పదేళ్లు అద్దెకుండి, ప్రావిడెంట్ ఫండ్ మీద అప్పు తెచ్చుకుని, మూడొందల గజాలు కొని ఇల్లు కట్టుకున్నారు. వచ్చి, కొని, ఉండిపోయారు. ఇప్పుడు అశోక్‌నగర్‌కి వచ్చేవాళ్లు ఏదీ కొనరు. ఉద్యోగం వస్తే ఏ జిల్లాకో పోస్టింగ్ మీద పోతారు, రాకపోతే ఊరికి పోతారు. మంచం మాత్రం ఖాళీగా ఉండదు.

అద్దె పెరగకుండా చట్టం లేదా అంటే, ఉంది. హైదరాబాద్ రాష్ట్రానికి 1954లోనే అద్దెల నియంత్రణ చట్టం ఉండేది. దాని స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం వచ్చింది. అద్దె న్యాయంగా లేదనిపిస్తే రెంట్ కంట్రోలర్ దగ్గరికి పోయి న్యాయమైన అద్దె నిర్ణయించమని అడగవచ్చు. వినసొంపుగానే ఉంది. కానీ ఆ న్యాయమైన అద్దె తేల్చడానికి చూడవలసిన వాటిలో మొదటిది 1944 ఏప్రిల్ 5కి ముందు పన్నెండు నెలల్లో ఆ పేటలో నడిచిన అద్దెలు! రెండో ప్రపంచయుద్ధం నాటి అద్దెను ఆధారంగా పెట్టుకున్న చట్టం ఇంటివాళ్లను ఎంత భయపెట్టిందో ఊహించుకోవచ్చు. పాత కిరాయిదారు పాత రేటుకే దశాబ్దాలపాటు ఉండిపోయాడు, ఇల్లుగలవాళ్లు కొత్తవాళ్లకి ఇవ్వడమే మానేసి తాళం వేసుకున్నారు, మరమ్మతు చేయించలేదు, గోడలు నెర్రెలు విచ్చాయి. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లకు మినహాయింపు ఇచ్చిన సెక్షన్‌ను 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చివరికి 2005 సవరణతో కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలు చట్టంలోంచి బయటికి పోయాయి.

అంటే ఒకప్పుడు మరీ బిగించారు, తర్వాత మరీ వదిలేశారు. ఈరోజు చిక్కడపల్లిలో 3,500 కంటే తక్కువకి పోర్షన్ ఎక్కడుంది? పైగా ఆ చట్టం మాట్లాడేది ఇంటి గురించి, ఇంట్లో భాగం గురించి. మంచం గురించి అందులో ఒక్క ముక్క లేదు. మంచాన్ని సర్కారు గుర్తించింది పన్ను లెక్కల్లోనే. తలకు నెలకి 20 వేలలోపు, కనీసం తొంభై రోజులుండే హాస్టల్ వసతికి జీఎస్టీ మినహాయింపు ఇవ్వాలని 2024 జూన్‌లో జీఎస్టీ మండలి నిర్ణయించింది. పన్ను తప్పింది, సంతోషం. అడ్వాన్స్ తిరిగివ్వకపోతే ఎవరికి చెప్పుకోవాలో మాత్రం ఇంకా తేలలేదు.

మరి కొత్తగా కడుతున్నారు కదా, అద్దె తగ్గాలి కదా? దోమలగూడ వీధుల్లో ఏడాదికోసారి నడిచేవాళ్లకు తెలుసు, పోయినసారి చూసిన పెంకుటిల్లో, పోర్టికో ఉన్న డాబాయో ఈసారి ఉండదు. మన దగ్గర 2006లో వచ్చిన భవన నిబంధనల తర్వాత స్థలానికి ఇన్ని చదరపు అడుగులే కట్టాలన్న పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ చూసుకుని ఎత్తు లేపవచ్చు. అందుకే ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం ఇక్కడ ఇంటింటి మాట అయింది. స్థలం మీది, ఖర్చు బిల్డర్‌ది, కట్టిన ఫ్లాట్లలో సగం మీకు, సగం ఆయనకి. స్థలం మెయిన్ రోడ్డు పక్కనైతే వాటాతో పాటు పైన కొంత గుడ్‌విల్. 2020 ఫిబ్రవరి 7న నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా మెట్రో మొదలైంది. 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా ఉక్కు వంతెన తెరిచారు. రెండింటి వెనకా ప్రజల పన్ను డబ్బు ఉంది. వాటి లాభం పక్కనున్న స్థలాల రేటులోకి ఎక్కింది.

కట్టేవి ఎవరి కోసమన్నది అసలు ప్రశ్న. మూడు పడకగదుల ఫ్లాట్లు కడతారు. మంచం అద్దెకు తీసుకునేవాడికి వాటితో పనిలేదు. ఆ ఫ్లాట్లలో అసోసియేషన్ ఉంటుంది, బ్యాచిలర్లకు ఇవ్వకూడదన్న తీర్మానం ఉంటుంది. హాస్టల్‌కి దొరికేది పాత విడి ఇల్లే. అన్నదమ్ముల మధ్య వాటాలు తేలేదాకా, అమెరికాలో ఉన్న చెల్లెలు సంతకం పెట్టేదాకా ఇల్లు ఖాళీగా ఎందుకని హాస్టల్‌కి ఇస్తారు. సంతకాలు అయిన మర్నాడు మంచాలు బయటికి, జేసీబీ లోపలికి. కాబట్టి ఎన్ని అపార్ట్‌మెంట్లు లేస్తే అన్ని హాస్టల్ ఇళ్లు తగ్గుతాయి, మిగిలిన వాటిలో మంచాలు ఇంకొంచెం దగ్గరికి జరుగుతాయి.

ఇప్పుడు రైలో బస్సో ఎక్కి వరంగల్ దారిలో అరవై కిలోమీటర్ల చిల్లర పోదాం. యాదగిరిగుట్ట. 2015లో ఆలయాభివృద్ధి సంస్థ ఏర్పాటు చేశారు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా వచ్చింది. 2018 చివర్లో దారిలోని బీబీనగర్‌కి ఎయిమ్స్ మంజూరైంది. 2022 మార్చి 28న పునర్నిర్మించిన ప్రధానాలయంలో దర్శనాలు మొదలయ్యాయి. ప్రాంతీయ రింగు రోడ్డు కూడా భువనగిరి మీదుగానే పోతుందని గీత గీశారు. ఒక్కో ప్రకటనకీ ఒక్కో మెట్టు రేటు ఎక్కింది. ఘట్‌కేసర్ దాటిన దగ్గరనుంచి ఆలేరు దాకా రోడ్డుకి అటూ ఇటూ వెంచర్ల కమాన్లే. ఆదివారం వస్తే నగరం నుంచి ఉచితంగా సైట్ విజిట్ బస్సులు, దర్శనం, భోజనం, సాయంత్రానికి బయానా.

ఇక్కడి కొత్తవాళ్లు ఎవరు? అమీర్‌పేట ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్ టీచరు, డాలస్‌లో ఉన్న అల్లుడు, చిక్కడపల్లిలో రిటైరై గ్రాట్యుటీ అందుకున్న పెద్దాయన. వీళ్లలో ఒక్కరూ ఇక్కడ ఉండరు. ఉండే ఉద్దేశమూ లేదు. వచ్చింది వాళ్లు కాదు, వాళ్ల హద్దురాళ్లు. నాలుగు కడీలు పాతి, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. పదేళ్ల తర్వాత వస్తే కడీలు కనబడవు, సర్కారు తుమ్మ కనబడుతుంది. తెల్లరంగు వెలిసిన కమాను ఒకటి మిగులుతుంది.

పొలం ప్లాటయ్యే లెక్క కూడా ఒకసారి చూద్దాం, మళ్లీ ఊహించుకున్న అంకెలతోనే. ఎకరానికి 40 గుంటలు, గుంటకి 121 గజాలు, మొత్తం 4,840 గజాలు. రోడ్లకి, పార్కుకి పోగా అమ్ముకోవడానికి 2,700 గజాలు మిగిలాయనుకోండి. రైతుకి ఎకరానికి 60 లక్షలిస్తే వెంచర్ వాళ్లకి గజం పడింది రెండువేల రెండొందల చిల్లర. లేఅవుట్ అనుమతి, మట్టి రోడ్డు, ఏజెంటు కమీషన్, టీవీలో ప్రకటన, బస్సు, భోజనం అన్నీ కలుపుకుని గజం ఎనిమిది వేలకు అమ్ముతారు. పక్క పొలం రైతు ఏం చేస్తాడు? ఎనిమిది వేలని 4,840తో గుణిస్తాడు. మూడు కోట్ల 87 లక్షలు. నా ఎకరం 60 లక్షలకి ఎందుకివ్వాలి అంటాడు. అతని తప్పేం లేదు, రోడ్లకు పోయేదెంతో, కమీషన్లకు పోయేదెంతో అతనికెవరూ చెప్పలేదు. అలా చిల్లర రేటు చూసి టోకు రేటు పెరుగుతుంది, టోకు చూసి మళ్లీ చిల్లర పెరుగుతుంది.

ఈ లోపల సేద్యం చేసుకోవాలనుకునేవాడి గతి ఏమిటి? ఎకరా మీద రెండు పంటలకీ కలిపి యాభైవేలు మిగిలినా, 60 లక్షలు తిరిగి రావడానికి 120 ఏళ్లు పడుతుంది. కాబట్టి కొనే ప్రశ్నే లేదు. తెలంగాణలో రైతు కానివాళ్లూ సాగుభూమి కొనవచ్చు గనుక పోటీ మొత్తం నగరంతోనే. గుట్ట కింద కొబ్బరికాయలు అమ్మేవాళ్లు, లాడ్జిలో పనిచేసేవాళ్లు, ఊళ్లో బడిపంతులు వంద గజాలు కొనుక్కుందామన్నా చెప్పేది నగరం రేటే. జీతాలు మాత్రం గుట్ట రేటు. భూమి అమ్మిన రైతు కుటుంబాల్లో కొన్ని బాగుపడ్డాయి, ఇల్లు కట్టుకున్నాయి, కారు కొన్నాయి. ముందే, చవగ్గా అమ్మినవాళ్లు తమ పాత పొలంలో పెట్టిన కమానుకి వాచ్‌మన్లుగా చేరిన ఉదాహరణలూ ఆ రోడ్డు మీద అడిగితే చెబుతారు.

అశోక్‌నగర్‌కీ గుట్టకీ పైకి పోలిక ఒక్కటే, రెండుచోట్లా రేటు పెరిగింది. లోపల చూస్తే రెండూ వేర్వేరు జబ్బులు. అశోక్‌నగర్‌లో పెరిగింది వాడకం వల్ల. అక్కడ ప్రతి చదరపు అడుగు మీదా ఎవరో పడుకుంటున్నారు, చదువుతున్నారు. రేపు మంచాలు పెరిగితేనో, పరీక్షలు సకాలంలో జరిగితేనో అద్దె దిగొస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి హాస్టళ్లు ఖాళీ చేయించినప్పుడు మంచాలకి అడిగేవాడు లేకపోవడం అందరం చూశాం. గుట్టలో పెరిగింది ఆశ వల్ల. ఆ ప్లాటుకి అద్దె రాదు, పంట రాదు. ఇంకొకడు ఇంకా ఎక్కువిస్తాడన్న నమ్మకం తప్ప దాని కింద పునాది లేదు. అందుకే లాక్‌డౌన్‌లోనూ అది పడలేదు. వాడకం లేనిదానికి వాడేవాళ్లు పోతే నష్టమేముంది?

డబ్బు మాత్రం రెండింటి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ హాస్టల్ అద్దెగా వచ్చినది అక్కడ ప్లాటుకి బయానా అవుతుంది. అక్కడ అరెకరం అమ్మగా వచ్చినది ఇక్కడ కొడుకు మంచానికీ, కోచింగ్‌కీ కట్టే ఫీజు అవుతుంది.

బయటివాళ్లు కొనకుండా ఆపేయాలన్నది మనకొక్కరికే వచ్చిన ఆలోచన కాదు. ఇంగ్లండులో సముద్రం ఒడ్డున సెయింట్ ఐవ్స్ అని చిన్న ఊరుంది. లండన్ వాళ్లు సెలవులకి ఇళ్లు కొనిపెట్టుకుని, మిగతా ఏడాదంతా తాళాలు వేసి ఉంచడంతో ఊళ్లో పుట్టినవాళ్లకి ఇల్లు దొరకని పరిస్థితి వచ్చింది. 2016 మేలో ఊరంతా ఓటు వేసి, ఇకపై కట్టే కొత్త ఇళ్లు ఏడాది పొడుగునా అక్కడే ఉండేవాళ్లకే అమ్మాలని తీర్మానించుకున్నారు. ఓటు వేసిన అయిదుగురిలో నలుగురికి పైగా సరే అన్నారు. అయితే ఆ నిబంధన పాత ఇళ్లకు వర్తించదు. తలుపు ఒకవైపు మూస్తే బయటివాళ్లకి రెండోవైపు ఉండనే ఉంది. మన దగ్గర అలాంటి నిషేధం పనికొస్తుందని నేను అనుకోను. గుట్ట రైతు తన భూమిని మంచి రేటుకు అమ్ముకునే హక్కును కాదనడానికి నగరంలో కూర్చున్న మనమెవరం?

చేయగలిగినవి మరీ అంత గొప్ప సంగతులు కావు. 2024 ఆగస్టు 2న శాసనసభలో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. అలాంటి క్యాలెండర్‌ను తేదీలతో సహా పాటిస్తే అశోక్‌నగర్ అద్దె మీద ఏ చట్టమూ చేయనంత పని అదొక్కటే చేస్తుంది. జిల్లా కేంద్రాల్లో మంచి రీడింగ్ రూములు, స్టడీ సర్కిళ్లు నిజంగా నడిస్తే సగం మందికి ఈ ప్రయాణమే అక్కర్లేదు. గుట్టలాంటి మున్సిపాలిటీలకు ఖాళీ స్థలం మీద పన్ను వేసే అధికారం చట్టంలో ఉంది, ఆ పన్ను స్థలం విలువలో ఒక్క శాతం కూడా కాదు. అయినా సరే, ఏటా గట్టిగా వసూలు చేస్తే ఊరికి ఆదాయం, తుమ్మలు పెంచేవాళ్లకి ఆలోచన. 2020లో అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధం చేసుకోండని ఎల్‌ఆర్‌ఎస్ తెస్తే రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. లేఅవుట్ అనుమతి అడగకుండా కొన్నవాళ్లు మన మధ్య ఎంతమంది ఉన్నారో దానిబట్టి తెలుస్తుంది.

కాబట్టి ఈ ఆదివారం సైట్ విజిట్ బస్సు ఎక్కబోతున్న పాఠకులు భోజనానికి ముందే రెండు సంగతులు అడగండి. లేఅవుట్ అనుమతి నంబరు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ (రెరా) ఇచ్చిన నంబరు. అయిదు వందల చదరపు మీటర్లు దాటిన వెంచర్ రెరాలో నమోదు కాకుండా ప్రకటన వేయడానికే వీల్లేదు. ఆ రెండూ చూపించలేకపోతే దర్శనం చేసుకుని ఇంటికి రండి.